మూడో బేస్ దగ్గర ఈల

కార్డ్‌వెల్, అయోవా
ఏప్రిల్ 21, 1974

అక్కా,

నువ్వు పంపిన బంగాళాదుంప రొట్టెలు చేరాయి. అట్టపెట్టె ఒక మూల నలిగింది గాని రొట్టెలకు ఏమీ కాలేదు. రెండు నేను తిన్నాను. మిగతావి ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేలోగా ఖాళీ. ఆర్కాన్సా నుంచి వచ్చిన లోనీ టకెట్ అనే కుర్రాడు, ఇరవై ఏళ్ళవాడు, మొదట ఒకదాని మడత విప్పి పైకెత్తి చూసి, "కోచ్, ఇది తినేదా, మొహం తుడుచుకునేదా?" అని అడిగాడు. తిన్నాక మళ్ళీ అడగలేదు. మా జట్టులో వాడంత వేగంగా పరుగెత్తేవాడు లేడు, రొట్టెల దగ్గర కూడా.

బేస్‌బాల్ సీజన్ మొదలై పది రోజులైంది. నాలుగు గెలిచాం, ఐదు ఓడాం. ఈ ఏడు మాకు మేనేజరుగా ఎవరొచ్చారో తెలుసా? గ్లెన్ ప్రూయిట్. యాభై ఒకటిలో నాతోపాటు మన ఇంటికి వచ్చి బావ ట్రక్కుని బురదలో దింపాడే, అతనే. ఆ రోజుల్లో అతను బంతి విసిరేవాడు, నేను క్యాచర్‌ని. రెండేళ్ళపాటు అతని బంతులన్నీ నా గ్లవ్‌లోకే వచ్చాయి. నా కుడిచేతి వంకర వేళ్ళలో రెండు అతని పుణ్యమే.

ప్రతి ఏడూ నువ్వు అడుగుతావు, మూడో బేస్ దగ్గర నిలబడి చేతులు ఊపడం కూడా ఒక ఉద్యోగమా అని. బావ అడగమంటే అడుగుతావని నాకు తెలుసు. ఈసారి సరిగ్గా చెబుతాను విను. మనవాడు ఒకడు బంతిని కొడతాడు. అప్పటికే బేస్ మీద ఉన్న ఇంకొకడు పరుగందుకుంటాడు. వాడు నా వైపు వస్తున్నప్పుడు బంతి వాడి వెనక, మైదానం చివర ఎక్కడో ఉంటుంది. తిరిగి చూస్తే అడుగు తడబడుతుంది కాబట్టి చూడడు. నన్నే చూస్తాడు. నా చెయ్యి గాలిమరలా తిరిగితే చివరి బేస్ అయిన హోం దాకా పరుగెత్తి పరుగు సంపాదించాలి. నా అరచేతులు రెండూ పైకి లేస్తే అక్కడే ఆగిపోవాలి. బంతి ఎక్కడుందో, దాన్ని అందుకున్నవాడి చేతిలో ఎంత బలముందో వాడి బదులు నేను చూడాలి. అదీ నా ఉద్యోగం.

పద్ధెనిమిదేళ్ళలో పదకొండు జట్లు తిరిగి, అన్నిటికన్నా పెద్ద లీగులో తొమ్మిది రోజులే ఆడినవాడికి ఇది తక్కువ పనేం కాదు.

గ్లెన్‌కి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఆట మధ్యలో, మా జట్టు కూర్చునే డగౌట్‌లోంచి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తాడు, పొలంలో కుక్కని పిలిచినట్టు. ఇద్దరం కలిసి ఆడిన రోజుల్లో ఇది లేదు.

బస్సులో రాస్తున్నాను. కుదుపులకి అక్షరాలు వంకరపోతున్నాయి, ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు
ఆరిన్


ఎల్వెరం, నార్త్ డకోటా
మే 1, 1974

తమ్ముడు ఆరిన్‌కి,

మంచు పూర్తిగా కరిగింది. వెనక తోటలో రూబార్బ్ మొక్కలు ఎర్రగా తలలెత్తాయి. మీ బావ మిల్టన్ ధాన్యం గిడ్డంగికి మళ్ళీ పొద్దున్నే వెళ్తున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, చేతులు ఊపే ఉద్యోగం ఇంకొకటి ఖాళీ ఉంటే తనకి చెప్పమన్నాడు. బురదలో దిగిన ట్రక్కు సంగతి మాత్రం అతను ఇంకా మర్చిపోలేదు.

మా చర్చి ఆడవాళ్ళం ఈ చలికాలం నలభై రెండు బొంతలు కుట్టి పరదేశం పంపాం. సూదిలో దారం ఎక్కించడానికి నాకు కళ్ళజోడు కావలసి వస్తోంది. యాభై దాటాక ఇంకేముంటుంది.

ఆరిన్, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పంపిన ఆటల పట్టిక కార్డు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఏప్రిల్ ఇరవయ్యొకటిన మీరు కార్డ్‌వెల్‌లోనే ఆడారు. ఆ రోజు నువ్వు ఎక్కిన బస్సు ఏది? నీ అక్షరాలు రెండో తరగతి పిల్లవాడి అక్షరాలంత పెద్దవిగా ఉన్నాయి. ఒక వరస ఇంకొక వరస మీద ఎక్కింది. నీ చేతిరాత ఇలా అరవై ఒకటిలో ఉండేది, మార్జొరీ నీతో కాపురం వదిలి వెళ్ళిన ఏడు. ఆ ఉత్తరాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. నిన్ను దెప్పడానికి దాచలేదు, ఏదీ పారెయ్యలేక దాచాను.

అరవై రెండు ఫిబ్రవరిలో మన చర్చిలో, బలిపీఠం ముందు మోకరించి నువ్వు ఇచ్చిన మాట నాకు గుర్తుంది. నీకూ గుర్తుందని నమ్ముతున్నాను. ఫోను చేసి అడగవచ్చు, కాని మా ఫోను లైను ఆరు ఇళ్ళకీ ఒక్కటే, ఎవరు ఎత్తినా మాటలు వినపడతాయి. దొంగచాటుగా వినే మిసెస్ బ్రెక్కె గుండె చప్పుడు కూడా నాకు వినపడుతుంది.

నిజం రాయి, చాలు.

ప్రార్థనలో నిన్ను మర్చిపోని
వెర్నా


కార్డ్‌వెల్
మే 14

అక్కా,

బస్సు కాదు. నా గదిలో మంచం అంచున కూర్చుని రాశాను. సరేనా? తాగి రాయలేదు. అరవై రెండు ఫిబ్రవరి నుంచి ఒక్క చుక్క ముట్టలేదు. బస్సులో కుర్రాళ్ళు బీరు సీసాలు దొర్లిస్తుంటే నేను ముందు సీట్లో కూర్చుని వేరుశెనగలు తింటాను. ఇంక ఈ మాట అడగకు.

ఇక్కడ మూడో బేస్ వెనక మొదటి వరసలో ఒక పందుల వ్యాపారి రోజూ కూర్చుంటాడు. పోయిన బుధవారం నేను హోంకి పంపినవాడు పది అడుగుల దూరంలోనే అవుటయ్యాడు. ఇంకేం, ఆయన లేచి నిలబడి, "ఏం తాతా, బంతి అటు కాదు, ఇటుంది! మా ఆవిడ కళ్ళజోడు ఇమ్మంటావా? దాంతో ఆవిడకి పక్కింటి వాళ్ళ వంటిల్లు కూడా కనిపిస్తుంది!" అని అరిచాడు. జనమంతా నవ్వారు. నేనూ టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాను. ఈ పనిలో ఉన్నవాడు మాటలు పడాలి.

మర్నాడు గ్లెన్ పొడుగ్గా ఒక ఈల వేశాడు. అప్పటికే నేను చేతులు రెండూ ఎత్తి కుర్రాణ్ణి ఆపేశాను. ఆట అయ్యాక గ్లెన్ వచ్చి నా వీపు తట్టి, "బాగుంది, అలాగే కానియ్" అన్నాడు. ఏది బాగుందో, ఏది అలాగే కానివ్వాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఆటలో నోటితో చెప్పేది తక్కువ. టోపీ ముట్టుకుంటే ఒక అర్థం, బెల్టు ముట్టుకుంటే ఇంకొకటి. పాతికేళ్ళు ఇలా బతికినవాళ్ళకి నాలుక మొద్దుబారిపోతుంది కాబోలు.

రూబార్బ్ జామ్ ఒక సీసా పంపు. బావకి నమస్కారం.

ఆరిన్


ఎల్వెరం
మే 26, 1974

తమ్ముడు ఆరిన్‌కి,

జామ్ రేపు పార్సెల్లో వస్తుంది. సీసాకి బావ పాత సాక్సులు చుట్టాను. అవి ఉతికినవే.

నేను ఒక పని చేశాను. నీకు చెప్పకుండా దాచుకుంటే నాకు అన్నం సహించదు, కాబట్టి చెబుతున్నాను. నీ పోయిన ఉత్తరంలో అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి. కవరు మీద మన ఊరి పేరు రెండుసార్లు రాశావు. కళ్ళజోడు సంగతి రాసి నవ్వించబోయావు, నాకు నవ్వు రాలేదు. తాగినవాణ్ణి చూసే జనం అలా నవ్వుతారు. అందుకని వారం కింద గ్లెన్ ప్రూయిట్‌కి ఉత్తరం రాశాను. మా తమ్ముడు ఒకప్పుడు ఆ దారిలో పడి లేచినవాడు, మళ్ళీ జారుతున్నాడేమోనని నా భయం, అతన్ని కాస్త కనిపెట్టి ఉండండి, బీరు సీసాల దగ్గర కూర్చోనివ్వకండి అని రాశాను. అంతకన్నా ఒక్క మాట రాయలేదు.

చిన్నప్పుడు నీ జ్వరం సంగతి నువ్వు చెప్పకపోయినా అమ్మకి నేనే చెప్పేదాన్ని. ఇదీ అలాంటిదే అనుకో.

వెర్నా


కార్డ్‌వెల్
జూన్ 2

అక్కా,

నేను తాగడం లేదు. నాకు కళ్ళు కనిపించడం లేదు.

ఇప్పుడు చెప్పించావు కదా, మొత్తం విను. ఎడమ కన్ను పోయిన శరదృతువులోనే పోయింది. నెబ్రాస్కాలో ఒక కళ్ళ డాక్టరు చూశాడు. కంటి నడిమి భాగం చచ్చిపోతోందట. కుడి కన్ను కూడా అదే దారిలో ఉందన్నాడు. పూర్తి చీకటి రాదట, చుట్టూ అంచులు మిగులుతాయట. నేను దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. ఒక మనిషిని చూస్తే చెవులు కనిపిస్తాయి, మొహం ఉండదు. ఈ కాగితం మీద నేను ఇప్పుడు రాసిన మాట తప్ప చుట్టూ ఉన్న మాటలన్నీ కనిపిస్తాయి.

ఆట ఎలా నడుపుతున్నానని అడుగుతావు. పద్ధెనిమిదేళ్ళు క్యాచర్‌గా కూర్చున్నవాడికి బ్యాట్ చప్పుడు చాలు, బంతి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. గడ్డి మీద ఫీల్డర్ల అడుగులు వింటాను. జనం గొంతు పైకి లేచిందా పడిందా వింటాను. పదిలో తొమ్మిదిసార్లు సరిపోతోంది.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. నన్ను తీసెయ్యగల మనిషి ఒక్కడున్నాడు, నువ్వు సరిగ్గా అతనికే రాశావు. గ్లెన్ నాతో ఇంతవరకు ఏమీ అనలేదు. రోజూ ఎదురుచూస్తున్నాను. నలభై ఏడేళ్ళవాణ్ణి, నాకు వేరే పని రాదు. వేరే చోట ఎలా నిలబడాలో కూడా తెలియదు. ఇంకెప్పుడూ అతనికి రాయకు. బావకి కూడా చెప్పకు.

ఆరిన్


ఎల్వెరం
జూన్ 10, 1974

నా తమ్ముడు ఆరిన్‌కి,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను. పొయ్యి మీద కాఫీ మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

నన్ను క్షమించు. పన్నెండేళ్ళుగా నువ్వు నిలబెట్టుకున్న మాటని నేను ఒక చేతిరాత చూసి అనుమానించాను. నిన్ను అడగవలసిన మాట ఇంకొకరిని అడిగాను. ప్రేమ కొద్దీ రాశానని నాకు నేను చెప్పుకున్నాను గాని, నీ జవాబంటే భయం వేసి రాశాను. ఇక గ్లెన్‌కి రాయను. మీ బావకి కూడా చెప్పలేదు. అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను, అది నీకు తెలుసు.

నువ్వే గ్లెన్‌కి చెప్పు, ఆరిన్. ఏప్రిల్లో నీ ఉద్యోగం ఏమిటో నాకు వివరంగా రాశావు. పరుగెత్తేవాడు వెనక్కి తిరిగి చూడడన్నావు, నిన్నే చూస్తాడన్నావు. ఆ పేజీ నిన్న మళ్ళీ తీసి చదివాను. పదిలో తొమ్మిదిసార్లు అంటున్నావు. ఆ పదోసారి పరుగెత్తేది ఎవరో నీకు ముందుగా తెలియదు కదా.

నీ ఉద్యోగం పోవాలని నేను కోరుకోవడం లేదు. ఈ మాట రాయడానికి మూడు రోజులు పట్టింది.

వెర్నా


కార్డ్‌వెల్
జూన్ 30

అక్కా,

పదోసారి వచ్చింది.

శుక్రవారం ఆట. పై ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి నోటుబుక్కుతో వచ్చి కూర్చున్నాడు. ఎవరిని ఉంచాలో, ఎవరిని ఇంటికి పంపాలో ఆయన రాసుకునే దాన్నిబట్టే తేలుతుంది. రెండో బేస్ మీద లోనీ ఉన్నాడు. మావాడు కొట్టిన బంతి చప్పుడు గట్టిగా వినిపించింది, గోడ దాకా పోయిందని నిశ్చయించుకున్నాను. పోయింది కూడా. కాని గోడకి తగిలి, తిరిగి సూటిగా ఫీల్డరు చేతిలోకే వచ్చి పడిందట. అది నాకు కనిపించలేదు. అదే క్షణంలో గ్లెన్ పొడుగ్గా ఈల వేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడనుకుని విసుక్కుని చెయ్యి తిప్పాను.

లోనీ తల వంచుకుని నా పక్కనుంచి గాలిలా దూసుకుపోయాడు. అవతల క్యాచర్ బంతి పట్టుకుని, కాలు అడ్డం పెట్టి, తీరిగ్గా నిలబడి ఉన్నాడు. ఇద్దరూ గుద్దుకున్న చప్పుడు మాత్రం నాకు బాగా వినిపించింది. లోనీకి కుడి వైపు మెడ కింద ఎముక విరిగింది.

మా ఆటలో ఒక మర్యాద ఉంది. కోచ్ తప్పుగా పంపితే ఆ రోజే అందరి ముందూ గుండె మీద చెయ్యి పెట్టుకుని "నా పిలుపు" అంటాడు, అంటే పొమ్మన్నది నేనే, తప్పు నాదే అని. రెండే మాటలు. అనగానే అందరూ మర్చిపోతారు. నేను వందసార్లు అన్నాను. శుక్రవారం అనలేదు. అన్నానంటే, ఎందుకలా పొమ్మన్నావని ఎవరైనా అడుగుతారని భయం.

ఆసుపత్రికి వెళ్ళాను. వాడు కట్లతో పడుకుని, "కోచ్, నేను మలుపు దగ్గర వెడల్పుగా తిరిగానా? రెండడుగులు ముందుంటే దాటిపోయేవాణ్ణి కదూ?" అని అడిగాడు. "పడుకోరా" అన్నాను. అంతే అన్నాను.

నిన్న గ్లెన్ చెప్పాడు, ఆఫీసాయన లోనీ పేరు పక్కన "నెమ్మది" అని రాసుకున్నాడట. కట్టు విప్పగానే వాణ్ణి ఇంటికి పంపేస్తారట. చెప్పి వెళ్ళిపోకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఇద్దరం బూట్లకి అంటిన మట్టి దులుపుకున్నాం.

అక్కా, ఆ కుర్రాడు నెమ్మదైనవాడు కాదు.

ఆరిన్


ఎల్వెరం
జూలై 5, 1974

ఆరిన్,

నీకు చదవడం వీలవుతుందని నల్ల సిరాతో, లావుగా, పెద్దగా రాస్తున్నాను. పేజీకి ఎనిమిది వరసలే పడుతున్నాయి. అందుకని తక్కువ మాటలు.

మన నాన్నకి కోపం వస్తే కాఫీ కప్పు బోర్లించేవాడు. ఎందుకో మనం ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయేదాకా ఆ కప్పుకి అర్థం ఊహిస్తూనే బతికాం. నాకది మంచి బతుకుగా అనిపించలేదు.

ఏం చెయ్యాలో నేను చెప్పను. నీ ఉత్తరంలో చివరి వాక్యం నువ్వే రాశావు. దాన్ని చెప్పవలసిన మనిషికి కాక నాకు రాశావు, అంతే.

రోజూ నీ పేరూ, ఆ అబ్బాయి పేరూ ఒకే ఊపిరిలో దేవుడికి చెబుతున్నాను. ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టలేక.

వెర్నా


కార్డ్‌వెల్
జూలై 13

అక్కా,

చెప్పాను.

ముందు లోనీకి చెప్పాను. వాడు తను అద్దెకుండే ఇంటి వరండాలో చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నాడు. నాకు బంతి కనిపించలేదు, ఆ రోజే కాదు, ఈ ఏడు ఏ రోజూ కనిపించలేదు అన్నాను. వాడు కట్టు ముడి సవరించుకున్నాడు. తర్వాత, "అయితే నేను నెమ్మది కాదా?" అన్నాడు. కాదన్నాను. ఇంకాసేపటికి, "ముందే చెప్పుంటే నేనే వెనక్కి చూసుకునేవాణ్ణి కదా, కోచ్" అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తిడితే బాగుండేది.

తర్వాత గ్లెన్ దగ్గరికి వెళ్ళాను. చెప్పేదంతా చెప్పాను. అతను బల్ల సొరుగు లాగి నీ ఉత్తరం తీసి నా ముందు పెట్టాడు.

"మీ అక్కకి జవాబు రాయలేదురా. ఏమని రాయను? నీకు తాగుడు లేదని నాకు తెలుసు. మార్చిలో ఎగతాళికి నీ ముందు రెండు వేళ్ళు చూపించాను, గుర్తుందా? ఒకటి అన్నావు. రెండేళ్ళు నాకు వేళ్ళతోనే సైగలు చేసి బతికినవాడివి, ఒకటి అన్నావు."

"మరి అప్పుడే ఎందుకు తీసెయ్యలేదు?" అన్నాను.

"తీసెయ్యలేకే కదా ఈల మొదలుపెట్టింది. పొట్టి ఈల అయితే పంపు, పొడుగు ఈల అయితే ఆపు. నీకు అర్థమైందనుకున్నా. మే నెలలో ఒక రోజు పొడుగు ఈల వెయ్యగానే చేతులెత్తావు కూడా."

"నేను అంతకుముందే ఎత్తాను, గ్లెన్. ఆ ఈలకి అర్థముందని నాకు ఎప్పుడు చెప్పావు?"

"మనిద్దరం ఎప్పుడైనా ఏదైనా చెప్పుకున్నామట్రా?" అన్నాడు.

అలా కూర్చుండిపోయాం. కళ్ళున్నవాడొకడు, లేనివాడొకడు. ఇద్దరం నోరు మూసుకుని, ఒక కుర్రాడి ఎముక విరగ్గొట్టాం. లోనీ నెమ్మది కాదని అతనికీ తెలుసు. ఆ మాట ఆఫీసుకి చెబితే నా సంగతి బయటపడుతుందని ఊరుకున్నాడట. ఆ రోజు ఆఫీసాయన రాసుకున్నది నాతో చెప్పి అక్కడే నిలబడింది, నేను నోరు తెరుస్తానని చూడడానికట.

ఇద్దరం కలిసి ఆఫీసాయనకి ఫోను చేశాం. నేనే మాట్లాడాను. పిలుపు నాది, కుర్రాడి పరుగులో లోపం లేదు, నాకు చూపు లేదు అని చెప్పాను. అవతల కాగితం మీద కలం గీత గీసిన చప్పుడు వినిపించింది. ఎవరి పేరు మీద గీశాడో అప్పటికి తెలియలేదు.

నిన్నటి నుంచి మూడో బేస్ దగ్గర గ్లెనే నిలబడుతున్నాడు. నేను మొదటిసారి డగౌట్‌లో బెంచీ మీద కూర్చుని ఆట విన్నాను. పందుల వ్యాపారి, "తాత ఏడయ్యా? నేను ఎవర్ని తిట్టుకోను?" అని అందర్నీ అడిగాడట.

ఆరిన్


కార్డ్‌వెల్
ఆగస్టు 4

అక్కా,

ఈ అక్షరాలు ఇంకా ఘోరంగా ఉంటాయి, కంగారుపడకు. ఈసారి కూడా నేను తాగలేదు. నేను చెబుతుంటే లోనీ టకెట్ రాస్తున్నాడు. కుడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, ఎడమ చేత్తో రాస్తున్నాడు. (వెర్నా గారూ, నేను లోనీని. మీ తమ్ముడు చాలా వేగంగా చెబుతున్నారు. నెమ్మదిగా చెప్పమంటే, ఆ మాట తన ముందు అనొద్దంటున్నారు.)

రెండు వారాలు వాడు నాతో మాట్లాడలేదు. పోయిన ఆదివారం నా గదికి వచ్చి, నిలబడే, "మీకు వచ్చే ఉత్తరాలు ఎవరు చదివి పెడుతున్నారు?" అని అడిగాడు. ఎవరూ లేరు, భూతద్దం పక్కనుంచి పెట్టుకుని ఒక్కో అక్షరం పట్టుకుంటున్నానని చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నీ జూలై ఉత్తరం గట్టిగా చదివాడు. తన సంగతి వచ్చిన చోట ఆగి, ఇంకోసారి చదివాడు. (నిజమే, చదివాను.)

ఆఫీసాయన గీత గీసింది "నెమ్మది" అన్న మాట మీద. వసంతకాలం శిక్షణకి లోనీకి పిలుపు వచ్చింది. ఎముక అతుక్కుంటోంది. సీజన్ ముగిసే సెప్టెంబరు మొదటి సోమవారం దాకా నన్నూ ఉండమన్నారు. బంతి విసిరేవాళ్ళు చెయ్యి వెచ్చబెట్టుకునే మూలలో ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుంటున్నాను. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు విని, మోచెయ్యి కిందికి జారుతోందనో, వేళ్ళు ముందే వదిలేస్తున్నాయనో చెబుతాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు వాళ్ళే వచ్చి, "కోచ్, ఇది వినండి" అంటున్నారు. చప్పుడు బాగుంటే బాగుందని అంటాను, నోటితోనే. సెప్టెంబరు తర్వాత ఏమిటన్నది గ్లెన్‌కీ తెలియదు, నాకూ తెలియదు. ఆ ముక్క ఇద్దరం పైకే చెప్పుకున్నాం. చెప్పుకున్నాక ఇద్దరికీ సిగ్గేసింది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆడాను, నేర్పాను. నువ్వు ఒక్క ఆట కూడా చూడలేదు. ఇప్పుడు నాకూ కనిపించదు కాబట్టి లెక్క సరిపోయింది. ఇది తమాషాకి అన్నాను. (తమాషాకి అన్నట్టు లేరు. మొహం తిప్పుకున్నారు. లోనీ. ఆ తువ్వాలు రొట్టెలు మళ్ళీ పంపండి.)

ఆరిన్


ఎల్వెరం
ఆగస్టు 9, 1974

ఆరిన్‌కి, ఇది చదివి వినిపిస్తున్న లోనీకి,

లోనీ, నాయనా, నీ ఎడమచేతి రాత మా తమ్ముడి కుడిచేతి రాతకన్నా మేలు. రొట్టెలు చేస్తున్నాను. ఈసారి పోస్టులో రావు, ఎందుకో కింద ఉంది. ఇక్కడి నుంచి మెల్లగా చదువు.

ఆరిన్, అమ్మ పోయే ముందు, ఆదివారం దేవుడి రోజని, ఆ పూట ఆటకి వెళ్ళనని నా చేత మాట తీసుకుంది. ఆదివారాలకే తీసుకుంది. మిగతా ఆరు రోజులకీ దాన్ని సాగదీసింది నేనే. నువ్వు ఓడిపోతే చూడలేననీ, జనం నిన్ను ఏదైనా అంటే వినలేననీ భయం. దేవుడి పేరు పెట్టి ఆ భయాన్ని దాచుకున్నాను. నీకు చెప్పమని అంతగా రాసినదాన్ని, ఇది నేనూ చెప్పాలి.

మీ బావకి అంతా చెప్పాను. అతను అడిగాడు కాబట్టి. విని బయటికి వెళ్ళాడు. ట్రక్కు టైర్లలో గాలి చూసి వచ్చి, "పదిహేడున శనివారం వాళ్ళకి సొంత ఊళ్ళోనే ఆట ఉంది, ఫ్రిజ్ మీద కార్డు చూశాను" అన్నాడు. శుక్రవారం పొద్దున బయలుదేరుతాం. గ్లెన్ ప్రూయిట్‌ని ట్రక్కు దరిదాపులకి రావద్దని చెప్పమన్నాడు.

నాకు ఆట అర్థం కాదు. ఏది బాగుందో, ఏది తప్పో తెలియదు. ఎవరో ఒకరు పక్కన ఉండి నాకు చెప్పాలి. అది నువ్వే చెప్పు. ఏం కనిపిస్తోందో నేను నీకు చెబుతాను.

ఇంకొక బకెట్ తెప్పించి ఉంచు. నీకు ఎదురుగా నిలబడను. సూటిగా చూస్తే మొహం ఉండదని నువ్వే రాశావు. నీ పక్కన, కొంచెం ఓరగా కూర్చుంటాను. పసుపు పచ్చ కోటు వేసుకుని వస్తాను. నువ్వు బంతి వచ్చే వైపే చూస్తూ ఉండు, అంచులో నేను కనిపిస్తాను.

అక్క
వెర్నా